దావత్‌లో మన పంట లేకపోతే ఎట్లా?



ఈసారి జీవామృతం గురించో, కషాయాల గురించో కాదు, వంట గురించి రాస్తున్నాను. వంట సంగతి ఆడవాళ్లు చూసుకుంటారులే అని దాటేయకండి. ప్రకృతి వ్యవసాయం చేసే మనలో చాలామంది చేసే తప్పు ఒకటి ఇందులో ఉంది. నేనూ చేశాను, అందుకే చెప్తున్నాను.

సిద్దిపేట దగ్గర మాకు నాలుగెకరాలు ఉంది. ఏడేళ్లుగా ఎరువు బస్తా, పురుగుమందు డబ్బా మా పొలంలోకి రాలేదు. ఎకరంలో చిట్టిముత్యాలు వేస్తాం. మిగతా దాంట్లో కంది, బొబ్బర్లు, నువ్వులు, పల్లి. గట్ల మీద కూరగాయలు. రెండు ఆవులు, పదిహేను దాకా నాటుకోళ్లు ఉన్నాయి.

మూడేళ్ల కింద నా డిగ్రీ దోస్తులు ఫోన్ చేసి, "ఎప్పుడూ వీడియోలు పెడ్తవు, ఒకసారి నీ పొలం చూపియ్‌రా" అన్నారు. పిల్లలతో కలిపి ఇరవై మంది హైదరాబాద్ నుంచి వచ్చారు. నాకు ఎంత సంబురమో! మంచి దావత్ ఇవ్వాలనుకున్నాను. మంచి దావత్ అంటే ఏం చేశాననుకున్నారు? టౌన్ హోటల్ నుంచి బిర్యానీ, చికెన్ 65 తెప్పించాను. బేకరీ నుంచి కేక్, ఆరు పెద్ద కూల్‌డ్రింక్ సీసాలు. అన్నీ కలిపి 8,600 రూపాయలు అయ్యింది.

పొద్దున వాళ్లను పొలమంతా తిప్పాను. గట్టు మీద నిలబడి విషం లేని తిండి గురించి అరగంట చెప్పాను. వానపాము విసర్జన చేతిలోకి తీసుకుని వాసన చూపించాను. మధ్యాహ్నం వేపచెట్టు కింద కూర్చుని పార్సిళ్లు విప్పాం. ఒక దోస్తు ప్లేటు వంక చూసి, "ఇందులో నువ్వు పండించింది ఏదిరా?" అని అడిగాడు.

ఎగతాళి చేయలేదు. నిజంగానే రుచి చూద్దామని అడిగాడు.

నేనూ ప్లేటు వంక చూశాను. బాస్మతి బియ్యం, ఫారం కోడి, ఏ నూనెనో తెలియదు. పక్కన పెట్టిన ఉల్లిగడ్డ ముక్కలు కూడా హోటల్ వాళ్లు పంపినవే. నీళ్లు ఒక్కటే మా బోరువి. నవ్వి ఊరుకున్నాను కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇంట్లో సంవత్సరానికి సరిపడా చిట్టిముత్యాలు మూటలు కట్టి ఉన్నాయి. వాటిని పెట్టాలన్న ఆలోచనే నాకు రాలేదంటే, నా పంట మీద నాకే నమ్మకం లేదన్నట్టే కదా.

ఈ అలవాటు ఎక్కడిది?

తర్వాత మా అమ్మతో ఈ మాటే అంటే ఆమె చెప్పింది: "మా చిన్నతనంల ఇంట్లోకి జొన్న గటక, సుట్టమొస్తేనే వరి బువ్వ. సుట్టానికి గటక పెడ్తే పరువు పోతదనుకునేటోళ్లం." అదే మూలం. ఇంట్లో తినేది ఒకటి, వచ్చినవాళ్లకు పెట్టేది ఇంకొకటి. అప్పట్లో వరి అన్నం గొప్ప. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక వరి అన్నం అందరి కంచాల్లోకీ చేరింది. జొన్న, సజ్జ, కొర్ర లేనోళ్ల తిండి అన్న పేరు తెచ్చుకుని పక్కకు పోయాయి. వరి అందరిదీ అయ్యాక చుట్టానికి పెట్టే గొప్ప తిండి బిర్యానీ అయింది. తిండి మారింది కానీ, మన చేతిలో ఉన్నది తక్కువ, కొనుక్కొచ్చింది ఎక్కువ అన్న ఆలోచన మాత్రం అట్లాగే ఉంది.

2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ఆ ఏడాది సెప్టెంబర్‌లో ఢిల్లీలో జీ20 విందు జరిగితే దేశాధినేతలకు కొర్రలతో, ఊదలతో చేసిన వంటలు వడ్డించారు. వాళ్లకు లేని నామోషీ మనకెందుకు?

అట్లాగని నేను చేసిన రెండో తప్పు మీరు చేయకండి. ఆ దెబ్బ తిన్నాక, తర్వాత వచ్చిన చుట్టాలకు పట్టుదలగా కొర్రన్నం పెట్టాను. నానబెట్టకుండా బియ్యం లాగే కడిగి పొయ్యి మీద పెట్టించాను. పైన మెత్తగా, లోపల పలుకుగా వచ్చింది. మర్యాదకు పెద్దవాళ్లు తిన్నారు, పిల్లలు విస్తట్లో వదిలేశారు. "ఇది ఆరోగ్యానికి మంచిది, తినాలి" అని నేను వెంటపడ్డాను. ఒక పాప ఏడ్చింది. తప్పు కొర్రలది కాదు, నాది. కొర్రలు కనీసం రెండు మూడు గంటలు నానాలి, అప్పుడే లోపలి దాకా ఉడుకుతాయి. అన్నిటికంటే ముఖ్యం, మనింట్లో నాలుగు సార్లు వండి చేయి తిరగని వంటను చుట్టాల మీద ప్రయోగించకూడదు. కొత్త విత్తనం వేస్తే ముందు ఒక మడిలో వేసి చూస్తాం కదా, ఇదీ అంతే.

మొన్న సంక్రాంతి తర్వాత ఏం చేశామంటే

అదే దోస్తులు మళ్లీ వస్తామన్నారు. ఈసారి ముందుగా ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నాం. మా ఆవిడ సూటిగా చెప్పింది: "మీ దోస్తులొస్తే మీకు పండుగ, నాకు పొయ్యి కాడ కూలి. నేను కూడా వాళ్లతోని కూసొని తినేటట్టుంటే చెప్పండి, లేకుంటే హోటల్ కెళ్లే తెప్పియ్యండి."

ఆమె మాటలో తప్పేముంది? ఇంటి వంట, ఇంటి వంట అని మనం గొప్పలు చెప్తాం. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, అందరూ తిన్నాక మూడింటికి చల్లారిన అన్నం తినేది ఎవరు? విషం లేని తిండి పండించి, దాన్ని ఒక మనిషి నడుం విరిగేలా వండిస్తే అదేం ప్రకృతి వ్యవసాయం?

అందుకే మూడు షరతులు పెట్టుకున్నాం. అయిదు రకాలకు మించి చేయొద్దు. సగం పని ముందే అయిపోవాలి. వచ్చినవాళ్లు కూడా ఒక చేయి వేయాలి.

ఇరవై మందికి మేం చేసినవి ఇవీ:

మొదటిది, రాగానే పెట్టడానికి పచ్చి కందికాయలు. చేనులో అప్పుడే కాయ నిండుతోంది. రెండు బుట్టలు తెంపి ఉప్పు నీళ్లలో పొట్టుతోనే ఉడకబెట్టాం. వొలుచుకుని తినడమే. దాంతోపాటు బొబ్బర్ల గుడాలు. కిలో బొబ్బర్లు రాత్రి నానబెట్టి, పొద్దున ఉడికించి, ఉల్లిగడ్డ, ఎండుమిర్చి, కరివేపాకు, ఆవాలతో పోపు వేశాం. ఇంతే. చికెన్ 65 ఎక్కడ అని ఒక్కరూ అడగలేదు.

రెండోది సర్వపిండి. కొన్ని ఊళ్లలో గిన్నప్ప అంటారు. దీనికి మంచి బియ్యం అక్కర్లేదు, మర ఆడించినప్పుడు వచ్చిన నూకలు పిండి పట్టిస్తే చాలు. కిలోన్నర పిండిలో నానిన శనగపప్పు, దంచిన పల్లీలు, నువ్వులు, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, కరివేపాకు, ఉప్పు, కారం వేసి గోరువెచ్చని నీళ్లతో ముద్ద చేయాలి. మందపాటి గిన్నెకు నూనె రాసి పల్చగా ఒత్తి, అక్కడక్కడా వేలితో బొక్కలు పెట్టి, వాటిలో నూనె చుక్కలు వేసి, మూత పెట్టి సన్న మంట మీద కాల్చాలి. ఒక వైపు కాలితే చాలు. కాలిన గిన్నెలో వెంటనే ఇంకోటి ఒత్తితే చేయి కాలుతుంది కాబట్టి రెండు మూడు గిన్నెలు పెట్టుకోండి. ఒకటి కాలుతుంటే ఇంకొకటి బోర్లించి నీళ్లు చల్లితే చల్లారుతుంది. ఒత్తే పని మా దోస్తుల పిల్లలు తీసుకున్నారు. వంకరటింకరగా వచ్చాయి, అయినా ఎవరిది వాళ్లు పేరు చెప్పి తిన్నారు.

మూడోది బగారన్నం. రెండున్నర కిలోల చిట్టిముత్యాలు పట్టాయి. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్తాను. సంక్రాంతికి చేతిలో ఉండేది కొత్త బియ్యం. కొత్త బియ్యంతో బగారా ముద్దవుతుంది. అందుకే ఒక మూట పాత బియ్యం ఇట్లాంటి రోజుకని దాచుకోవాలి. అరగంట నానబెట్టి, గ్లాసుకు రెండు గ్లాసుల లెక్కన నీళ్లు పోస్తే మాకు పొడిపొడిగా వచ్చింది. ఆ వాసనకు మా పక్కింటి పెద్దమనిషి కూడా గోడ దగ్గరికొచ్చి, "ఏం వండుతుండ్రురా?" అన్నాడు. ఆయన్నూ కూర్చోబెట్టాం.

నాలుగోది నాటుకోడి కూర. మాంసం తిననివాళ్లకు గుత్తి వంకాయ. నాటుకోడి ఫారం కోడి లాగా ఇరవై నిమిషాల్లో ఉడకదు. కోడి ముదురును బట్టి గంట, గంటన్నర పడుతుంది. బయట కట్టెల పొయ్యి పెట్టి ఆ పని నేను, ఇద్దరు దోస్తులు తీసుకున్నాం. మగవాళ్లం పొయ్యి దగ్గర కూర్చుంటే కబుర్లకు కబుర్లు, కూరకు కూర.

అయిదోది పచ్చిపులుసు. పొయ్యి కూడా అక్కర్లేదు. చింతపండు రసంలో కాల్చిన పచ్చిమిర్చి నలిపి, ఉల్లిగడ్డ, వేయించిన నువ్వుల పొడి, కాస్త బెల్లం, ఉప్పు వేసి కలిపితే అయిపోయింది. బగారన్నానికి ఇంతకంటే జోడు లేదు.

తీపికి నువ్వుల లడ్డూలు రెండు రోజుల ముందే చేసిపెట్టాం. కిలో నువ్వులు దోరగా వేయించి, ముప్పావు కిలో బెల్లంతో కలిపి దంచి ముద్దలు కట్టడమే. నువ్వుల నూనెతోనే ముద్ద నిలుస్తుంది, నెయ్యి అక్కర్లేదు. కూల్‌డ్రింక్ బదులు కుండలో మజ్జిగ. ఈ రెండూ లెక్కలోవి కావు, ఎందుకంటే ఆ రోజు వీటికి పని లేదు.

తినడానికి మోదుగాకు విస్తర్లు తెచ్చాం. మొదటిసారి వాడిపారేసే ప్లేట్లు వాడితే అవి గాలికి ఎగిరి పక్క చేన్లలో పడ్డాయి, రెండు రోజులు ఏరాను. 2022 జూలై 1 నుంచి ఆ ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు దేశమంతటా నిషేధం కూడా. విస్తర్లయితే తిన్నాక పెంటకుప్పలో వేస్తే మళ్లీ చేనుకే పోతాయి.

ఒంటిగంటన్నరకు అందరం ఒకే బంతిలో కూర్చున్నాం. మా ఆవిడ కూడా. ఎవరికి కావాల్సింది వాళ్లు వడ్డించుకున్నారు. మా పెళ్లయి పద్దెనిమిదేళ్లు. ఇంటికి వచ్చినవాళ్లతో పాటు ఆమె వేడి వేడిగా తినడం నేను అదే మొదటిసారి చూశాను. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, కానీ నిజం.

ఖర్చు లెక్క

మనం లెక్క నిజాయితీగా వేయాలి. ఇంట్లోవి కదా అని బియ్యం, కోళ్లు ఉచితం అనుకోకూడదు. అమ్మితే వచ్చే ధర కట్టి చూశాను. కోళ్లు నాలుగు కిలోలకు రెండు వేలు. గానుగ నూనె లీటరున్నరకు అయిదు వందల పైన. బియ్యం, బొబ్బర్లు, నువ్వులు, కూరగాయలు, పాలు, పెరుగు అన్నీ కలిపితే నాలుగు వేల పైచిలుకు అయింది. అందులో నా జేబులోంచి పోయింది బెల్లం, చింతపండు, మసాలా దినుసులు, విస్తర్లకు అయిదు వందల లోపే. మొదటిసారి 8,600తో పోల్చుకోండి. మా కష్టానికి కూలి కట్టలేదు, అది కడితే తేడా కొంత తగ్గుతుంది. అయినా ఆ రోజు ఎవరికీ కూలి చేసినట్టు అనిపించలేదు.

కొందరు అడిగే ప్రశ్నలు

"పట్నం పిల్లలు ఇవి తింటారా?" అని అడుగుతారు. తెలియని రూపంలో పెడితే తినరు, నా కొర్రన్నమే సాక్ష్యం. చేతితో వొలిచేవి, వాళ్లే ఒత్తుకునేవి, లడ్డూలు పెడితే తింటారు. తినకపోతే పెరుగన్నం పెట్టండి, బలవంతం వద్దు.

"దావత్ అంటే సుక్క, ముక్క ఉండాలె కదా?" అని నవ్వుతారు. ముక్క మా దొడ్లోదే పెట్టాం. సుక్క మా ఇంట్లో పెట్టను, ముందే చెప్పేశాను. ఎవరూ అలగలేదు.

"మా దగ్గర అన్నీ పండవు" అనేవాళ్లున్నారు. మా దగ్గరా పండవు. బెల్లం కామారెడ్డి వైపు మనలాగే సాగు చేసే రైతు దగ్గర తెచ్చుకుంటాం. మన దగ్గర లేనిది తోటి రైతు దగ్గర కొంటే ఆ డబ్బు మనవాళ్ల మధ్యే తిరుగుతుంది. ఏ కాలంలో వస్తే ఆ కాలం తిండి పెట్టండి. వానాకాలంలో మక్క కంకులు, మక్క గారెలు. చలికాలంలో కందికాయ, అనపకాయ, జామపండు. ఎండాకాలంలో ముంజలు, మామిడికాయ పులిహోర. ఆ రోజు చేను ఏమిస్తే అదే పెట్టాలి.

నేను నేర్చుకున్న ఇంకో రెండు సంగతులు ఉన్నాయి. ఒకటి, తినేటప్పుడు ప్రసంగం చేయకండి. ఇది తింటే షుగర్ పోతుంది, అది తింటే బీపీ పోతుంది అని అస్సలు చెప్పకండి. మనం డాక్టర్లం కాదు. మనం చేయని పని ఒకటే చెప్పగలం: "దీనికి మందు కొట్టలేదు." అది చాలు. అడిగితేనే చెప్పండి.

రెండోది, దావత్‌ను దుకాణం చేయకండి. వెళ్లేటప్పుడు ఒక దోస్తు బియ్యం కావాలని డబ్బులు తీయబోతే, "ఈ రోజు అమ్మను, తర్వాత ఫోన్ చెయ్" అన్నాను. పది రోజులకు చేశాడు. ఇప్పుడు రెండు కుటుంబాలు మా దగ్గరే బియ్యం తీసుకుంటున్నాయి. మంచిదే. కానీ దాని కోసం అన్నం పెట్టామంటే ఆ అన్నానికి రుచి ఉండదు.

నా అభిప్రాయం ఒక్కటే. చేను ప్రకృతి పద్ధతిలో ఉంటే సరిపోదు, మనింటి దావత్ కూడా ఆ పద్ధతిలోనే ఉండాలి. రెండు వందల లీటర్ల డ్రమ్ములో రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి కొలిచి వేసి, పొద్దున సాయంత్రం కలిపి మట్టిని మేపుతున్నాం. ఆ మట్టి ఇచ్చిన పంటను మనవాళ్లకు పెట్టడానికి మొహమాటపడితే, కొనేవాడు మాత్రం ఎందుకు నమ్మాలి?

మొన్న అందరూ వెళ్లిపోయేముందు ఆ పాత దోస్తు మళ్లీ అడిగాడు, ఈసారి నవ్వుతూ: "ఇందులో నువ్వు పండించనిది ఏదిరా?" ఉప్పు, చింతపండు, బెల్లం, మసాలా అని వేళ్లు మడిచి చెప్పాను.

సర్వపిండి ఒత్తే తీరు, గిన్నె చల్లార్చే తీరు ఈ వీడియోలో మా ఆవిడే చూపించింది, చూడండి. వచ్చే ఆదివారం మీ ఇంటికి ఎవరైనా వస్తున్నారా? హోటల్‌కు ఫోన్ చేసేముందు ఒకసారి మీ గాదె, మీ గట్టు చూసుకోండి. రెండు రకాలే పెట్టండి, పర్వాలేదు. మీరు పండించినవి పెట్టండి, మీ ఇంటావిడను కూడా బంతిలో కూర్చోబెట్టండి.